శుక్రవారం నాటి కబురు

“అన్యాయం ఎవలికి జరిగింది? ఎట్ల జరిగింది? గీ రెండే అడుగుతున్న. మూడోది అడుగ.”

లిడియా వంటింటి గడప మీద నిలబడి అడిగింది. రెండు రోజుల మౌనం తరువాత ఆమె భర్తతో ఆడిన మొదటి మాట అదే.

సాల్మన్ నవ్వబోయాడు. నవ్వుతో పని జరుపుకోవడం అతనికి జీవితమంతా అలవాటు. బహ్రెయిన్ దీవిలో ఇరవై రెండేళ్లు కోల్డ్ స్టోరు నడిపిన మనిషి. కిరాణా కొట్టును అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ కొట్టు ముందు టీ తాగని తెలుగువాడు ఆ దీవిలో లేడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఈ గురువారం పొద్దున, కరీంనగర్‌లోని తన సొంత ఇంట్లో, ఆ నవ్వు పెదవి దాటి రాలేదు.

“జర కూసో లిడియా. పొద్దుపొద్దుగాల్ల పంచాయితి ఎందుకు? చాయ్ చల్లారుతది.”

“చల్లారనీ. ఎవలికి?”

“మైసయ్యకు.”

“మైసయ్యకొక్కనికేనా?”

“వాళ్లక్కకు గూడ. మగ్దలేనక్కకు.”

“ఇద్దరయిండ్రు. మూడో మనిషి?”

మూడో మనిషి ఎవరో సాల్మన్‌కు తోచలేదు. భార్య ముఖంలోకి చూశాడు.

“వాళ్లవ్వ కమలవ్వ యాదికే రాలేదా?” అన్నది లిడియా. “చచ్చిపోయినోళ్లకు అన్యాయం జరగదనుకున్నవా?”

బల్ల మీద ఎర్ర అట్ట పొడుగు పుస్తకం తెరిచే ఉంది. మంగళవారం నాడు కూతురు వినోద ఏ పేజీ తెరిచిందో నేటికీ అదే పేజీ. దాన్ని మూసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ కలగలేదు. దాని పక్కనే చెన్నూరు చర్చి సంఘంవాళ్లు అచ్చు వేయించిన కరపత్రం ఉంది. రాబోయే ఆదివారం ఆరాధన తరువాత సాల్మన్ గారికి శాలువా సన్మానం. దీవిలో మన బిడ్డలందరికీ చెవియై, నోరై నిలిచిన మహనీయుడని అందులో రాసి ఉంది.

చెవి, నోరు అన్న మాట అబద్ధం కాదు. ఆ కాలంలో కూలీల క్యాంపుల్లో ఫోన్లు ఉండేవి కావు. ఇక్కడి నుంచి పోయినవాళ్లకు ఇంటి కబురు చేరాలంటే సాల్మన్ కొట్టు ఫోనే దారి. వచ్చిన ప్రతి కబురునూ అతను తేదీ, గంట వేసి, చెప్పినవాళ్ల మాటల్లోనే ఎర్ర పుస్తకంలో రాసేవాడు. సాయంత్రం ఎవరి కబురు వాళ్లకు చదివి వినిపించేవాడు. విన్నవాడు చివరి గడిలో తన గుర్తు వేయాలి. చదువు వచ్చినవాడు సంతకం చేసేవాడు, రానివాడు తోచిన బొమ్మ గీసేవాడు. నాగలి, సైకిలు, చేప, ఇలా ఉండేవి ఆ గుర్తులు. కంపెనీ మెస్సులో వంట చేసే మైసయ్య గుర్తు గరిటె.

సన్మానం నాడు ఆ పేజీలను పెద్దవిగా అచ్చు వేయించి గోడకు పెడదామని వినోద పాత అట్టపెట్టె విప్పింది. అన్ని గడులూ బొమ్మలతో నిండి ఉన్నాయి, ఒక్క గడి తప్ప. 2001 ఫిబ్రవరి తొమ్మిది, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటలు. మైసయ్యకు కబురు, తల్లి కమలవ్వ నుంచి. గరిటె బొమ్మ ఉండవలసిన చోట తెల్ల కాగితం ఉంది.

“గీ గడి ఎందుకు ఖాళీగున్నది బాపూ?” అని వినోద మంగళవారం అడిగింది. సాల్మన్ పుస్తకం మూయబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. తల్లీకూతుళ్లకు అదే జవాబయింది.

“ఎట్ల జరిగిందో చెప్పుమన్న,” అన్నది లిడియా.

కాలేజీలో పాఠం చెప్పడానికి తయారై వచ్చిన వినోద చేతిసంచి భుజానికి వేసుకొని తలుపు దగ్గరే ఆగిపోయింది.

“వినోదకు ఏడేండ్లు నిండిన రోజది,” అన్నాడు సాల్మన్. “శుక్రవారం. ఆరాధన అయినంక మనింట్ల అరవై మందికి విందు. మైసయ్య తెల్లారక ముందే వచ్చి పొయ్యి ముట్టించిండు. తొమ్మిదింటికి ఫోనొచ్చింది. కమలవ్వనే మాట్లాడింది. పానం బాగలేదు, కొడుకును తోలియ్యి అన్నది. రాసుకున్న. పుస్తకం చేతుల పట్టుకొని ఇంటికొచ్చిన.”

“వచ్చినవు. వచ్చి?”

“మైసయ్య ఉల్లిగడ్డలు కోస్తుండె. పాట పాడుతుండె. నన్ను చూసి, అన్నా, నీ బిడ్డ పండుగకు ఇయ్యాల నా చేయి చూడు, మాంసం నోట్లె వెన్నలెక్క కరుగుతది అన్నడు. ఆ ముఖం చూసి నాకు నోరు రాలే, లిడియా. విమానం రాత్రికి గదా, తిన్నంక చెప్దామనుకున్న.”

“తిన్నంక?”

“తిన్నంక వినోదను భుజాల మీద కూసోవెట్టుకొని ఆడిండు. అందరు చప్పట్లు కొడ్తుండ్రు.”

వినోద చేతిసంచి భుజం నుంచి జారి నేల మీద పడింది. ఆమె దాన్ని తీయలేదు. ఆ భుజాలు ఆమెకు గుర్తున్నాయి. అంత ఎత్తు నుంచి జనాన్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి. చిన్ననాటి జ్ఞాపకాల్లో ఆమె దాచుకున్న మంచి జ్ఞాపకం అది.

“వాళ్ల మేనేజరు గూడ మన విందుకొచ్చిండు గదా,” అన్నది లిడియా మెల్లగా. “నేనే వడ్డించిన ఆయనకు. నువ్వొక్క మాటంటే సెలవు కాయితం మీద ఆడ్నే సంతకం పెడుతుండె.”

“పెడుతుండె.”

“రాత్రి విమానమెక్కితే ఆదివారం పగటికి చెన్నూర్ల ఉంటుండె. కమలవ్వ ఆదివారం పొద్దూకేదాక పానం పట్టుకొని చూసింది.”

“అవును.”

ఆ ఒక్క రోజు ఆలస్యమే జరిగి ఉంటే దాన్ని మనిషి బలహీనత అని మన్నించవచ్చు. కానీ శనివారం సాయంత్రం మగ్దలేనమ్మ ఫోను చేసి, “తమ్ముడు బయల్దేరిండా?” అని అడిగింది. ఇంకా చెప్పలేదు అక్కా అని ఒప్పుకునే నోరు సాల్మన్‌కు లేకపోయింది. “చెప్పిన అక్కా. సెలవు దొరుకదట, రానన్నడు,” అన్నాడు. సోమవారం నాడు మైసయ్యకు, “ఇప్పుడే ఫోనొచ్చింది, అవ్వ పోయింది,” అన్నాడు.

మరుసటి ఏడు మైసయ్య ఇంటికి వచ్చినప్పుడు అక్క తలుపు తీయలేదు. తనకు కబురు చేరిందే చావు తరువాత అని అతను సంఘ పెద్దల ముందు ప్రమాణం చేశాడు. పెద్దలు దీవికి ఫోను చేసి సాల్మన్‌ను అడిగారు. “ఫోనొచ్చిన్నాడే చెప్పిన,” అన్నాడు సాల్మన్. మాట మీద నిలబడే మనిషని పేరున్నవాడు గనుక ఆ మాటే తీర్పయింది. అప్పటిదాకా గుడిలో పాటలు ఎత్తుకునే మైసయ్యను దేవుని సన్నిధిలో అబద్ధమాడినవాడని పాటల బల్ల దగ్గర నుంచి లేపారు. అతను భార్య ఊరు బోథ్‌కు పోయాడు. మళ్లీ చెన్నూరు గుడి గేటు దాటలేదు.

“నేనేం జేసిన్నో తెలుసా?” అన్నది లిడియా. “పదేండ్లు సండే స్కూల్ల పిల్లలకు పాఠం చెప్పిన. తల్లి చస్తున్నదంటే గూడ రాని కొడుకున్నడు, అసొంటోడు కావద్దని. పేరు పెట్టి చెప్పిన. నీ అబద్ధం నా నోట్లె పెట్టి పలికిచ్చినవు గదయ్యా!”

అప్పుడే ఫోను మోగింది. చెన్నూరు నుంచి సంఘ పెద్ద అంతయ్య. సాల్మన్ చేతికి అలవాటు చొప్పున ఫోను, ముఖానికి అలవాటు చొప్పున నవ్వు వచ్చాయి.

“దండాలు అంతయ్య బావా! ఆఁ, మంచిగనే ఉన్నం... శాలువా ఏ రంగైతేంది బావా, నా నలుపుకు ఏదైనా ఒకటే... అట్లనే, అట్లనే. తప్పకుండ వస్తం.”

ఫోను పెట్టి తల ఎత్తేసరికి తల్లీకూతుళ్లు ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. మరణశయ్య మీద ఉన్న తల్లి కబురు జేబులో పెట్టుకొని అరవై మందికి విందు వడ్డించిన మనిషి ఆనాడు ఎలా ఉండి ఉంటాడో వాళ్లిద్దరికీ కళ్లారా కనిపించింది.

“గిట్లనే ఉండెనా బాపూ, ఆ రోజు?” అన్నది వినోద.

సాల్మన్ ముఖం మీది నవ్వు ఎండి రాలిపోయింది.

“ఆదివారం ఆ శాలువా నీ భుజం మీద పడితే,” అన్నది లిడియా, “నేను మా తమ్మునింటికి పోత. మల్ల రాను. కోపానికి అంటలేను. కూసొని ఆలోచించి అంటున్న.”

* * *

శనివారం మధ్యాహ్నానికి తండ్రీకూతుళ్లు బోథ్ చేరారు. దారి పొడుగునా వినోదే కారు నడిపింది. నిర్మల్ దాటాక అడిగింది.

“ఆ రోజు నా పుట్టినరోజు కాకుంటే చెప్తుంటివా?”

“నీ తప్పేం లేదు బిడ్డా.”

“అది నాకెరుకే. నేనడిగింది వేరే.”

సాల్మన్ కిటికీలోంచి చూస్తూ ఆలోచించాడు. కూతురు పుట్టినరోజు కాకపోతే మరొకరి పెండ్లి ఉండేది, క్రిస్మస్ ఉండేది, ఎవరో ఒకరు నవ్వుతూ ఉండేవారు. జీవితంలో ఎన్నో శవాలను విమానం ఎక్కించాడు, ఎందరికో పని ఇప్పించాడు, ఎవరు పస్తున్నా అన్నం పంపాడు. ఎవరి ముఖం మీది నవ్వునైనా తన చేతులతో చెరపవలసి వస్తే మాత్రం అతనికి కాలూ చెయ్యీ ఆడేవి కావు. దాన్ని తన మంచితనమని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

“చెప్పకపోతుంటి,” అన్నాడు చివరకు.

మైసయ్య పత్తి చేను ఒడ్డున కూర్చొని ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్ట అయింది. నడుముకు కట్టుకున్న ఒడిసంచిలో సగం దాకా పత్తి ఉంది. వచ్చిందెవరో పోల్చుకొని లేచాడు. లేవడంలో తొందర లేదు, విసుగూ లేదు.

“సాల్మనన్నా! గింత దూరం వచ్చినవు? పోరి వినోదనా గీమె? నా భుజం మీద కూసున్న పిల్లనా?”

వినోద తల ఊపింది.

“చాయ్ పెట్టిస్త, ఉండుండ్రి. చెయ్యి గుణం పోలేదు ఇంకా. ఈ ఊర్ల పెండ్లిండ్లకు నేనే వండుత.”

“చాయ్ వద్దు మైసయ్యా. కూసో.”

“ఏంది అన్నా, ముఖం అట్లున్నది? లిడియా వదినె మంచిగున్నదా?”

తాను చేసిన ద్రోహం తెలియని మనిషి తన భార్య క్షేమం అడుగుతున్నాడు. ఇరవై మూడేళ్లలో ఇలాంటి ప్రశ్నలు సాల్మన్ ఎన్ని దాటవేశాడు! ఒక్క చిన్న నవ్వు చాలు, ఒక్క కుశలం చాలు, ఈ పూట కూడా గడిచిపోతుంది. నాలుక ఆ దారిలోనే కదలబోయింది.

వినోద ఎర్ర పుస్తకం తెరిచి తండ్రి ఒడిలో పెట్టింది.

“అవ్వ గురించి మొదటి కబురు సోమవారం రాలేదు మైసయ్యా,” అన్నాడు సాల్మన్. “శుక్రవారం వచ్చింది. నేను చెప్పలే.”

మైసయ్య ఒడిసంచిలోంచి ఒక పత్తి పింజ తీసి, అంటుకున్న ఎండుటాకు తుంపులను ఒక్కొక్కటే ఏరి పారేశాడు. పింజ శుభ్రమయింది. మళ్లీ సంచిలో వేశాడు.

“ఎన్నింటికి?”

“పొద్దుగాల తొమ్మిదింటికి.”

“తొమ్మిదింటికి నేను ఉల్లిగడ్డలు కోస్తున్న.”

“అవును.”

“నువ్వు తలుపు కాడికొచ్చి నిలబడ్డవు. చేతుల ఎర్ర బుక్కున్నది. నాకింకా కండ్లల్ల ఉన్నది. అన్నా, ఎవలికన్నా కబురొచ్చిందా అని నేనే అడిగిన. ఏం లేదు, నువ్వు పని చేసుకో అన్నవు.”

ఆ మాట తాను అన్నట్టు సాల్మన్‌కు జ్ఞాపకమే లేదు. మర్చిపోగలగడం కూడా ఒక నేరమేనని ఆ క్షణాన అతనికి తెలిసింది.

“నన్ను కొట్టు మైసయ్యా. తిట్టు.”

“ఎందుకు? నేను తిడితే నీకు తేలికైతది, నాకేమొస్తది?” మైసయ్య గొంతు పెరగలేదు. “పెద్దలందరి నడుమ నన్ను అబద్ధాలకోరు అన్ననాడు గూడ నేనేమనుకున్నో ఎరుకేనా? సాల్మనన్న అసొంటోడు కాదు, అక్కనే ఆలస్యంగ ఫోన్ చేసి మాట మారుస్తున్నది అనుకున్న. నిన్ను పక్కకు పెట్టి, తోడవుట్టినదాన్ని అనుమానించిన.”

“అవ్వ చెప్పిన మాటలు గిండ్ల ఉన్నయి. చదువుత.”

“ఆగు.” మైసయ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ మాటలు అక్కకు ఎరుకేనా?”

“లేదు. దవాఖాన్ల నర్సమ్మ గదిలకెల్లి చేసిండ్రు. అక్క మందులకు పోయిందట. అవ్వొక్కతే మాట్లాడింది.”

“అయితే ఇక్కడ చదువకు. నేను తప్పు చేయలేదని నాకు ముందుగాలనే ఎరుక. నువ్వు నాకొచ్చి చెప్పుడు పెద్ద పని కాదు. తెల్వంది అక్కకు, తెల్వంది ఆ గుడికి. ఏ గుడిల నన్ను అబద్ధాలకోరన్నరో ఆ గుడిల చదువు.”

“రేపు చదువుత. నువ్వు రావాలె.”

మైసయ్య లేచి ఒడిసంచి బిగించుకున్నాడు.

“వస్త అని చెప్ప. ఆ గేటు దాటనని ఒట్టు పెట్టుకున్న.” రెండడుగులు వేసి, వెనుదిరగకుండానే అన్నాడు. “బిడ్డా వినోదా, నీ పండుగ నాడు నేను ఆడింది నిజంగనే ఆడిన. అది నీ మీద పెట్టుకోకు.”

* * *

చెన్నూరు గుడి నిండిపోయింది. ఒకవైపు చాపల మీద ఆడవాళ్లు, మరొకవైపు మగవాళ్లు. ఆడవాళ్ల ముందు వరుసలో మగ్దలేనమ్మ నిటారుగా కూర్చున్నది. డెబ్బై దాటిన మనిషి. తల్లి పోయిన నాటి నుంచి ఆ వరుసలో ఆ చోటు ఆమెది. ఆమెకు నాలుగు చాపల వెనుక లిడియా, వినోద కూర్చున్నారు.

మైసయ్య రాలేదు. ఆరాధన మొదలు నుంచి సాల్మన్ వాకిలి వైపే చూస్తున్నాడు. చెప్పుల గుట్ట, ఎండ, అంతే.

ఆశీర్వాదం అయ్యాక అంతయ్య సాల్మన్‌ను ముందుకు పిలిచి శాలువా మడత విప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుస పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ చప్పుడు సాల్మన్‌కు తల్లిపాల వంటిది. ఆ చప్పుడు కోసమే బతికాడు.

“బావా, శాలువా జర ఆపు,” అన్నాడు నవ్వుతూ. “ముందుగాల నాలుగు మాటలు మాట్లాడనీ. కప్పినంక మాట్లాడితే చెమట పడుతది.”

అందరూ నవ్వారు. సాల్మన్ దీవి ఎంత చిన్నదో చెప్పాడు. పొద్దున బయల్దేరినవాడు దారి తప్పినా మధ్యాహ్నానికి మళ్లీ తన కొట్టు ముందే తేలేవాడన్నాడు. మళ్లీ నవ్వారు. మాట తేలికగా, తీయగా సాగిపోతున్నది. ఇంకొక కబురు, ఇంకొక నవ్వు. మైసయ్య ఎలాగూ రాలేదు కదా. వచ్చే వారం వాళ్లింటికే పోయి, తలుపు మూసుకొని, మగ్దలేనక్క ఒక్కతికే చెబితే...

లిడియా చాప మీద నుంచి లేచి నిలబడింది. చెంగు భుజం చుట్టూ తిప్పుకొని వాకిలి వైపు నడిచింది. ఆమె వెంట తిరిగిన సాల్మన్ చూపు వాకిలి దగ్గర ఆగిపోయింది.

చెప్పుల గుట్టకు అవతల, ఎండలో, తెల్ల చొక్కా వేసుకొని మైసయ్య నిలబడి ఉన్నాడు.

గేటు దాటాడు. గడప దాటలేదు.

సాల్మన్ గొంతులో తీపి ఇంకిపోయింది.

“మగ్దలేనక్కా,” అన్నాడు. “నీ తమ్ముడు రానన్నడని నీకు చెప్పిన. అది అబద్ధం. నేను వానికి చెప్పనే లేదు. శుక్రవారం వచ్చిన కబురు వానికి సోమవారం చెప్పిన, అవ్వను మట్టి జేసినంక. పెద్దలడిగిన్నాడు గూడ అబద్ధమే చెప్పిన. గీ గుడిల అబద్ధమాడింది మైసయ్య కాదు. నేను.”

అంతయ్య చేతిలో శాలువా సగం మడత మీదే ఉండిపోయింది. మగ్దలేనమ్మ కదలలేదు. ఆమె కళ్లు మాత్రం మెల్లగా వాకిలి వైపు తిరిగి, అక్కడ నిలిచి, మళ్లీ సాల్మన్ మీదికి వచ్చాయి.

“ఎందుకు తమ్మీ?” అన్నది.

“మా ఇంట్ల విందున్నదక్కా.”

చెప్పడానికి అంతకంటే మరేమీ లేదు. ఇరవై మూడేళ్లు మోసిన బరువు పైకి తీసి చూస్తే మూడే మాటలు. అంత చిన్న కారణం విని సంఘమంతా తల దించుకున్నది.

సాల్మన్ ఎర్ర పుస్తకం తెరిచాడు. వినోద వచ్చి ఒకవైపు పట్టుకున్నది. తాను ఆనాడు రాసుకున్నది రాసుకున్నట్టుగా చదివాడు.

“కొడుకా మైసయ్యా. నాకు పానం బాగలేదు. వీలైతే రా. నువ్వు పంపిన రగ్గు కప్పుకున్న, చలి పెడ్తలేదు. నువ్వు రాకముందే నేను పోతే ఏడ్వకు, నాకు నీ మీద కోపం లేదు. అక్క నాకు శానా చాకిరి జేసింది, రాత్రులు నిద్ర లేదు దానికి. నువ్వు వచ్చినంక అక్కతోని కొట్లాడకు. నేను పోయినంక దానికి నువ్వే పుట్టిల్లు.”

మగ్దలేనమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నది. తలుపు తీయని రోజులన్నీ, పండుగ నాడు పంపని అన్నమంతా, దారిలో ఎదురైతే తిప్పుకున్న ముఖమంతా ఆ చెంగు వెనుక ఉన్నది.

మైసయ్య గడప దాటాడు. ఇరవై రెండేళ్ల తరువాత. మగవాళ్ల చాపల నడుమ నుంచి నడిచి ముందుకు వచ్చాడు. ఆనాడు తనను లేపిన పాటల బల్ల పక్కనే వచ్చి నిలబడి చెయ్యి చాచాడు.

“పెన్ను.”

వినోద ఇచ్చింది.

కబురు చేరితే గుర్తు వేయాలి. అది ఆ పుస్తకం నియమం. మైసయ్య బల్ల మీద పుస్తకం పెట్టి వంగి, ఖాళీ గడిలో గరిటె గీశాడు. ముందు గుండ్రం, తరువాత కాడ. ఇన్నేళ్లు గీయని చెయ్యి. పత్తి ఏరి పగిలిన వేళ్లు.

“చేరింది,” అన్నాడు సాల్మన్‌తో.

పుస్తకం తీసుకొని అక్క దగ్గరకు పోయి చాప అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె ఒళ్లో పెట్టాడు. మగ్దలేనమ్మ కళ్లజోడు సర్దుకొని తల్లి మాటలను వేలితో తాకుతూ మొదటి నుంచి మళ్లీ చదువుకున్నది. వేలు చివరి గడి దగ్గరకు వచ్చి ఆగింది.

“కాడ వంకర వచ్చింది,” అన్నది తమ్మునితో.

“చెయ్యి వణికింది అక్కా.”

ఆమె పుస్తకం మూసి ఒడిలోనే ఉంచుకున్నది. సాల్మన్ వైపు చూసింది. ఆ చూపులో మంట లేదు, మన్నింపూ లేదు.

“సాల్మన్, నీ బాకి తీరింది. పూర్తిగ తీరింది. ఇగ నువ్వు మాకు ఏం బాకి లేవు,” అన్నది. “ఇంటికి మాత్రం రాకు.”

తమ్ముని భుజం ఆసరా చేసుకొని లేచింది. ఇద్దరూ వాకిలి వైపు నడిచారు. జనం లేచి, ఎవరూ చెప్పకుండానే, దారి ఇచ్చి వారి వెనుకే కదిలారు. అంతయ్య కూడా శాలువా చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

జనం మధ్య తప్ప ఎన్నడూ ఉండని సాల్మన్ ఖాళీ చాపల ముందు ఒంటరిగా నిలబడ్డాడు. వాకిలి దగ్గర లిడియా ఉన్నది. లోపలికి రాలేదు, బయటకూ పోలేదు. ఎండ కంటికి అడ్డంగా చెయ్యి పెట్టుకొని, గేటు దాటి పోతున్న అక్కాతమ్ముళ్లను చూస్తున్నది.